ఓడలో ఉన్నవాళ్లకి పార్శిల్: ఏజెంట్ అడ్రసుకా, మనిషి చేతికా?

విశాఖలో మావారు ఓడ ఎక్కిన ప్రతిసారీ నాకు ఇదే టెన్షన్.

ఏజెంట్ (రేవులో ఓడ తరఫున పనులు చూసే ఆయన) అడ్రసుకి పంపితే: స్పీడ్ పోస్ట్ ఖర్చు బరువును బట్టి పెరుగుతుంది. పేరు, హోదా, ఓడ పేరు, 'కేరాఫ్ మాస్టర్' (అంటే ఓడ కెప్టెన్), కింద ఆ రేవులోని ఏజెంట్ చిరునామా రాయాలి. అసలు భయం ఏంటంటే, ఓడ ఒక్కోసారి ఒక్క రోజే ఆగుతుంది, షెడ్యూల్ మారిందంటే పార్శిల్ ఒడ్డునే మిగిలిపోతుంది.

అదే ఓడలో కొత్తగా జాయిన్ అయ్యేవాళ్ల చేతికిస్తే: ఖర్చు దాదాపు ఉండదు, నేరుగా అందుతుంది. కాకపోతే వాళ్ల బ్యాగేజీ బరువులోంచే మనకి చోటివ్వాలి, కాబట్టి కిలో దాటించకండి, లోపల ఏముందో విప్పి చూపించండి. ఆవకాయ నూనె కారితే వాళ్ల బట్టలన్నీ పాడు, మాడుగుల హల్వా నయం.

ఉత్తరాలు, పుస్తకాలు ఏజెంటుకే, ఆయన్ని ముందే అడిగి. తిండి మాత్రం, ఆ దేశం రానిస్తుందో లేదో చూసుకుని, మనిషి చేతికే.