రెండు వారాల విదేశీ కోర్సా, ఉన్న ఊళ్లో సెమిస్టరా?

అమెరికాలో కౌన్సెలింగ్ (మానసిక సమస్యలున్నవారితో మాట్లాడి సాయం చేసే వృత్తి) మాస్టర్స్ విద్యార్థులు ఇతర సంస్కృతులను దగ్గరగా చూడాలంటే వేసవిలో రెండు మూడు వారాల విదేశీ కోర్సుకు వెళ్లొచ్చు, లేదా ఉన్న ఊళ్లోనే వలస కుటుంబాలతో ఒక సెమిస్టర్ పనిచేయొచ్చు.

వేరే సంస్కృతులవారికి కౌన్సెలింగ్ చేయడం గురించి 1992లో స్యూ, అరెడోండో, మెక్‌డేవిస్ అనే నిపుణులు రాసిన ప్రమాణాలు కౌన్సెలర్‌కు మూడు కావాలంటాయి: తన గురించిన ఎరుక, ఎదుటివారి గురించిన జ్ఞానం, నైపుణ్యం. మొదటిదానికి విదేశీ కోర్సే మేలు. భాష రాక, బస్సెక్కడానికి కూడా ఇంకొకరిని అడగాల్సి వచ్చినప్పుడు మన పద్ధతే సహజమన్న నమ్మకం కదులుతుంది. మైనారిటీగా బతకడం ఎరగని విద్యార్థికి ఇది చాలా అవసరం.

నైపుణ్యం మాత్రం అంత త్వరగా రాదు. ఒకే క్లయింటును వారం వారం కలవాలి. కొడుకు డిప్రెషన్ గురించి బయట చెప్పడానికి వెనకాడే తల్లి నమ్మకం సంపాదించాలి. దానికి సెమిస్టరే కావాలి. విమానం ఖర్చూ ఉండదు.

అమెరికా వెళ్లి చదువుతున్న తెలుగు విద్యార్థికైతే ఉన్న ఊళ్లో సెమిస్టరే చెబుతాను. పరాయి దేశంలో ఉండడమంటే ఏమిటో వాళ్లకు ఇప్పటికే తెలుసు.