6,500 రూపాయల బూట్లు, ఒక 'ఏడీ'

కేదార్‌కంఠ (ఉత్తరాఖండ్‌లో మంచుకొండ ట్రెక్కు) నుంచి రాగానే ఆఫీసులో అందరిదీ ఒకటే ప్రశ్న: బూట్లు ఎలా ఉన్నాయి? 6,500 పెట్టాను మరి, అడుగుతారు. ఏ కంపెనీవో వదిలేయండి. చీలమండ దాటి వచ్చే ఎత్తు, అడుగున లోతైన గాడులు. నీళ్లు దిగవన్నారు, నిజంగానే దిగలేదు. దారిలో జూడా కా తాలాబ్ అనే చెరువు చుట్టూ మంచులో సాయంత్రం దాకా తిరిగినా సాక్సులు పొడిగానే ఉన్నాయి. ఉన్ని సాక్సుల కోసం ఒక సైజు పెద్దవి కొన్నాను. ట్రిప్పు మొత్తానికి నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

శిఖరం 12,500 అడుగులు. తెల్లవారుజామున మూడింటికి బయల్దేరాం. బూట్ల మీద తొడుక్కోవడానికి మైక్రోస్పైక్స్ అద్దెకిచ్చారు. రబ్బరు పట్టీకి గొలుసులు, గొలుసులకి ఇనుప ముళ్లు, అంతే. ఎక్కడం బాగానే ఎక్కాను.

దిగేటప్పుడే పరువు పోయింది. ఎండకి మంచు మెత్తబడింది. పడతానేమోనని వెనక్కి వాలి, మునివేళ్లతో తడుముకుంటూ దిగుతున్నాను. అలా వాలితేనే కాలు జారుతుందని అప్పటికి తెలీదు. ఇరవై అడుగులు కూర్చునే వెళ్లాను.

మా గైడు కొండ కింది సాంక్రీ ఊరి కుర్రాడు, ఇరవై ఏళ్లుంటాయేమో. వాడి కాళ్లకి మామూలు రబ్బరు గమ్‌బూట్లు, ముళ్లు కూడా లేవు. కింద నుంచి "ఏడీ, సర్‌జీ, ఏడీ!" అని ఒకటే అరుపు. ఎవరు తప్పిపోయార్రా బాబూ అని నేనూ చుట్టూ చూశాను. హిందీలో ఏడీ అంటే మడమట!

పైకొచ్చి చేసి చూపించాడు. మోకాలు కాస్త వంచి, ఒళ్లు ముందుకే ఉంచి, మడమని దబ్బున మంచులోకి దించాలి. అదే గుంట చేసుకుని నిలబడుతుంది. నున్నగా గట్టిపడ్డ చోట మాత్రం ఇది పనికిరాదు, ముళ్లన్నీ దిగేలా పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి. ముళ్ల మధ్య మంచు ఉండకడితే కర్రతో కొట్టి రాల్చాలి. పావుగంటలో వచ్చేసింది. అవే బూట్లు, అదే వాలు, మళ్లీ పడలేదు.

రేటింగు అయిదుకి నాలుగు. లేసులు వదులవుతుంటాయి, అందుకే ఒకటి కోశాను. దిగే ముందు చీలమండ దగ్గర బిగించి కట్టుకోకపోవడం నా తప్పే అనుకోండి. వేళ్లు వెళ్లి ముందుకి కొట్టుకుని బొటనవేలి గోరు నల్లబడింది. మీ దగ్గర గాడులు అరగని బూట్లుంటే వాటితోనే వెళ్లండి, ముళ్లు అద్దెకి తీసుకోండి. మొదటి క్యాంపులో టీ అయ్యాక ఆ పక్క వాలు మీద పదిసార్లు ఎక్కి దిగండి. నేను ఆ టైములో ఫొటోలు తీసుకున్నాను.