క్రీమ్, బిస్కెట్, ఇసుక రంగు: హాలు గోడకు ఏది మేలు?

ఫ్లాట్ చేతికొచ్చినవాళ్లూ, పాత ఇంటికి మళ్లీ రంగులు వేయిస్తున్నవాళ్లూ ఈ మధ్య అడుగుతున్న ప్రశ్న ఒకటే. మరీ తెల్లగా వద్దు, ముదురుగానూ వద్దు, కాస్త వెచ్చగా కనిపించే బీజ్ కావాలి. షేడ్ కార్డులో చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది వేయించమంటారు?

కంపెనీలు పెట్టిన పేర్లు ఎన్ని ఉన్నా, చూడబోతే అవి మూడు రకాలే. పసుపు వైపు మొగ్గేది క్రీమ్. గులాబీ వైపు మొగ్గేది బిస్కెట్. పసుపుకి కొంచెం బూడిద రంగు తోడైతే ఇసుక రంగు. లేత షేడ్ ఒక్కదాన్నే చూస్తే అది ఎటు మొగ్గుతోందో పట్టుకోవడం కష్టం. కార్డులో అదే వరసలో ఉన్న అన్నిటికన్నా ముదురు షేడ్ చూడండి. అది మామిడిపండు రంగులోకి పోతే క్రీమ్, ఇటుక రంగులోకి పోతే బిస్కెట్, మట్టి రంగులోకి పోతే ఇసుక. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూసినా తేడా తెలిసిపోతుంది.

నా ఓటు ఇసుక రంగుకే. అయితే అన్ని ఇళ్లకూ కాదు. ఎక్కడ కాదో చెప్పాలంటే ముందు నేల సంగతి చెప్పాలి. చాలామంది షేడ్ కార్డును గోడకు ఆనించి చూసి నిర్ణయించేస్తారు. కార్డును కింద, స్కర్టింగ్ (గోడ అడుగున అతికించే టైల్ పట్టీ) పక్కన నిలబెట్టి చూడాలి. గోడ రంగు కొన్నేళ్లకు మారుతుంది, టైల్స్ మారవు. పైగా మెరిసే టైల్ మీద పడిన వెలుతురు గోడ కింది సగం మీదికి ఎగదన్నుతుంది, ఆ వెలుతురుతో పాటు టైల్ రంగు కూడా వస్తుంది.

మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువగా కనిపించేది ఐవరీ రంగు విట్రిఫైడ్ టైల్. అందులో ఇప్పటికే పసుపు ఉంది. గోడకు కూడా క్రీమ్ వేస్తే నేల, గోడ, టేకు తలుపు మూడూ ఒకే వైపు లాగుతాయి. పగలు బాగానే ఉంటుంది, రాత్రి వెచ్చని లైట్లు వేయగానే గదంతా పసుపెక్కిపోతుంది. బిస్కెట్ వేస్తే ఇంకో చిక్కు. గోడ గులాబీగా తేలుతుంది, టైల్ మాసినట్టు కనిపిస్తుంది. ఎంత తుడిచినా అది పోదు, ఎందుకంటే అక్కడ మురికి లేదు. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చేస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రాల్ 1839లోనే వివరించాడు. పారిస్‌లోని గోబ్లాఁ నేత కర్మాగారంలో నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదులొస్తే, లోపం అద్దకంలో లేదు, ఆ దారం పక్కన నేసిన రంగుల్లో ఉందని ఆయన తేల్చాడు. మన హాల్లో టైల్‌కీ గోడకీ మధ్య జరిగేది కూడా అదే. ఇసుక రంగులో ఉన్న ఆ కాస్త బూడిద, టైల్‌లోని పసుపును అణచకుండా, పెంచకుండా ఉంచుతుంది. అందుకే ఐవరీ టైల్ ఉన్న ఇంటికి, లైట్లు కుదిరితే, నేను ఇసుక రంగే చెబుతాను.

నీలం తాండూరు బండలు పరిచిన ఇల్లయితే మాత్రం ఇసుక రంగు వద్దు. ఆ బండదే చల్లటి బూడిద రంగు, దానికి గోడలోని బూడిద కూడా తోడైతే గది నీరసంగా ఉంటుంది. అక్కడ క్రీమ్ వేయండి, బండకీ అందం వస్తుంది, గోడకీ వస్తుంది. కోస్తాలో పాత ఇళ్ల ఎర్ర గచ్చుకి కూడా క్రీమే నప్పుతుంది. కోటా రాయి కొంచెం ఆకుపచ్చ వైపు ఉంటుంది కాబట్టి దాని పక్కన బిస్కెట్ ఉన్నదానికన్నా ఎక్కువ గులాబీగా కనిపిస్తుంది. బిస్కెట్‌కి సరైన చోటు పడకగది. ముదురు చెక్క రంగు నేల, రోజ్‌వుడ్ మంచం ఉన్న గదిలో, తక్కువ వెలుతురులో అది మిగతా రెండిటికన్నా మెత్తగా ఉంటుంది.

నేల తర్వాత చూడాల్సింది వెలుతురు. అమెరికా, ఇంగ్లండ్ వాళ్ల సలహాలు చదివి "మాది ఉత్తరం వైపు కిటికీ, గది చల్లగా కనిపిస్తుందా?" అని కొందరు టెన్షన్ పడుతుంటారు. ఆ నియమం వాళ్ల అక్షాంశాలకు సరిగ్గా సరిపోతుంది. హైదరాబాద్ ఉన్నది దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారం నుంచి జులై ఆఖరు దాకా ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అందుకే మనకు దిక్కుకన్నా కిటికీ బయట ఏముందో ముఖ్యం. పక్క బిల్డింగ్ గోడ పది అడుగుల దూరంలో ఉంటే ఆ గోడ రంగే మీ హాల్లోకి వస్తుంది. కిటికీ ముందు వేపచెట్టో, బాదంచెట్టో ఉంటే ఇసుక రంగు పగలంతా ఆకుపచ్చ ఛాయలో ఉంటుంది. అలాంటి చోట దానికన్నా ఒక మెట్టు వెచ్చనిది ఎంచుకోండి.

రాత్రి సంగతి ఇంకా పెద్దది, ఎందుకంటే ఉద్యోగాలు చేసేవాళ్లు హాల్లో కూర్చునేది రాత్రిపూటే. మన ఇళ్లలో ట్యూబ్‌లైట్లు, ప్యానెల్ లైట్లు ఎక్కువగా 6500 కెల్విన్‌వి, అంటే నీలం వైపు మొగ్గే తెలుపు. ఫాల్స్ సీలింగ్ అంచుల్లో పెట్టే స్ట్రిప్ లైట్ 3000 కెల్విన్. మొదటిది వేస్తే ఏ బీజ్ అయినా పాలిపోతుంది, రెండోది వేస్తే అదే గోడ తేనె రంగులోకి మారుతుంది. రెండూ కలిపి వేస్తే గోడ పైభాగం ఒక రంగు, కింది భాగం ఒక రంగు. వెచ్చని బీజ్ కావాలనుకునేవాళ్లు పెయింట్ కన్నా ముందు లైట్లు తేల్చుకోవాలి. హాలుకి 4000 కెల్విన్ పెట్టించి, సీఆర్ఐ (లైటు రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉన్నవి దొరికితే అవే తీసుకోండి. క్రీమ్ 6500ని కొంతవరకు తట్టుకుంటుంది. ఇసుక రంగు తట్టుకోదు, అందులోని బూడిద ఒక్కటే పైకి తేలుతుంది. లైట్లు మార్చే ఉద్దేశం లేకపోతే ఇసుక రంగు మీద నా ఓటు వెనక్కి తీసుకుంటాను, క్రీమే వేయించుకోండి.

అమెరికాలో ఉన్న పిల్లలో, తోబుట్టువులో పంపే షేడ్ ఒకటుంది, షెర్విన్ విలియమ్స్ పెయింట్ కంపెనీ వారి యాక్సెసిబుల్ బీజ్, నంబరు 7036. మంచి రంగే, ఇసుక రంగు కుటుంబంలోదే. కానీ దాని ఎల్ఆర్‌వీ 58. గోడ ఎంత వెలుతురును తిరిగి ఇస్తుందో చెప్పే అంకె అది, నలుపుకి 0, తెలుపుకి 100. నాలుగు వైపులా కిటికీలున్న విడి ఇంటికి 58 చాలు. బాల్కనీ తలుపు ఒక్కటే వెలుతురు దారిగా ఉన్న టూ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో, మధ్యలో ఉండే డైనింగ్ దగ్గర అది బరువుగా కనిపిస్తుంది. ఇక్కడి షాపులో దానికి దగ్గరి షేడ్ కలిపిస్తున్నట్టయితే అదే వరసలో ఇంకో మెట్టు లేతది, 65 నుంచి 70 మధ్య ఉండేది తీసుకోండి. అసలు నాలుగు గోడలూ ఒకే రంగైతే వెలుతురు వాటి మధ్య తిరిగి తిరిగి రంగు చిక్కబడుతుంది. కార్డు మీద నచ్చినదానికన్నా కాస్త లేతది ఎంచుకోమని అందుకే చెబుతాను.

జోడింపుకి వస్తే, మూడు రకాలకూ సీలింగ్ తెల్లగానే ఉండాలి, కానీ నీలం మెరుపు ఉన్న తెలుపు వద్దు. టేకు తలుపులకు ఇసుక రంగు బాగా కలుస్తుంది, ఎందుకంటే టేకులోని నారింజ ఛాయకి గోడ పోటీ పడదు. కర్టెన్ల విషయంలో కలంకారీకి మించింది నాకు కనిపించలేదు. శ్రీకాళహస్తి పద్ధతిలో గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు కాబట్టి ఆ గుడ్డ తెల్లగా ఉండదు, లేత పసుపు బీజ్‌లోనే ఉంటుంది. తెల్ల గోడ ముందు అది పాతబడినట్టు అనిపిస్తుంది. ఇసుక రంగు గోడ ముందు ఆ మంజిష్ఠ ఎరుపూ, కసిం (ఇనుముతో చేసే అద్దకం) నలుపూ నిండుగా పలుకుతాయి. ఇత్తడి దీపాలు, ఉరుళ్లు (వెడల్పాటి ఇత్తడి పాత్రలు) ఉన్నవాళ్లకి కూడా అంతే. సోఫా గోడ రంగులోనే కొనకండి, రెండు మూడు మెట్లు ముదురు ఉండాలి.

పూర్తి ఆఫ్ వైట్ అద్దె ఇంటికి సరిపోతుంది. బీజ్‌లో బూడిద ఎక్కువైన గ్రేజ్, తెల్ల టైల్ మీద బూడిద చారలున్న ఇళ్లకు బాగుంటుంది, అక్కడ మాత్రమే.

ఏది తేల్చుకున్నా నమూనా వేసి చూడకుండా ఆర్డర్ ఇవ్వొద్దు. పాత రంగు మీద వేస్తే ఆ రంగు కళ్లను మోసం చేస్తుంది. తెల్ల ప్రైమర్ వేసిన చోట రెండడుగుల చదరం రెండు కోట్లు వేయించి, ఆరాక చూడండి, ఒకటి కిటికీ ఎదురు గోడకి, ఒకటి కిటికీ ఉన్న గోడకే. పొద్దున, సాయంత్రం నాలుగింటికి, రాత్రి లైట్లలో, మూడుసార్లూ నచ్చాలి. ఎమల్షన్ మ్యాట్‌లో తీసుకుంటే లప్పం ఎగుడుదిగుళ్లు కనిపించవు. చిన్నపిల్లలున్న ఇంట్లో కడగడానికి వీలయ్యే షీన్ (కొంచెం మెరిసే ఫినిష్) మేలు, కాకపోతే మెరుపు వల్ల అదే షేడ్ కొంచెం వేరుగా ఉంటుంది, నమూనా కూడా షీన్‌లోనే వేయించాలి. హాలుకి కావాల్సిన లీటర్లన్నీ ఒకేసారి కలిపించండి. షేడ్ కోడ్, బేస్ (రంగు కలిపే అసలు పెయింట్), ఫినిష్ ఉన్న స్టిక్కర్ డబ్బా మూత మీద ఉంటుంది. పెయింటర్ డబ్బాలు పట్టుకెళ్లకముందే దాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, టచప్‌కి ఆ మూడూ అవసరమవుతాయి.