పేటెంటా, వ్యాపార రహస్యమా?

విశాఖపట్నంలోని రుషికొండ మీద సాఫ్ట్‌వేర్ రాసే సంస్థకూ, పరవాడ ఫార్మా సిటీలో మందులు తయారుచేసే సంస్థకూ పేటెంటు ఒకేలా ఉపయోగపడదు. మన చట్టంలో పేటెంటు గడువు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు; కానీ సాధారణంగా 18 నెలలకే దరఖాస్తు ప్రచురితమై, అందులోని గుట్టు పోటీదారులకు తెలిసిపోతుంది.

మందు ఏళ్ల తరబడి అమ్ముడవుతుంది, దాని అణువును విశ్లేషించి అనుకరించడమూ అసాధ్యం కాదు. పైగా 2005 నుంచి తయారీ పద్ధతికే కాక, మందుకే ఇచ్చే ఉత్పత్తి పేటెంట్లు కూడా లభిస్తున్నాయి కాబట్టి, చెన్నై పేటెంటు కార్యాలయంలో దరఖాస్తు పెట్టడమే మేలు. అయితే ద్రావణాన్ని ఎంత నెమ్మదిగా చల్లారిస్తే స్ఫటికాలు ఒకే పరిమాణంలో వస్తాయన్న కిటుకు మాత్రలో కనిపించదు. దాన్ని దాచుకోవడమే లాభమని నా అభిప్రాయం.

ఆరు నెలలకోసారి రూపు మార్చుకునే యాప్‌ సంగతి వేరు. పేటెంటు చేతికి వచ్చేసరికి ఆ వెర్షన్‌ను వాడేవారే ఉండరు. పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(కె) ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రాముకు పేటెంటే రాదు. రహస్యానికి ఫీజూ లేదు, గడువూ లేదు. కాకపోతే దానికంటూ ప్రత్యేక చట్టం లేనందున గోప్యతా ఒప్పందాలే ప్రధాన ఆధారం. ఇంజినీరు ఎదుటి భవనంలోని సంస్థకు మారిన రోజున వాటి బలమెంతో తేలుతుంది.

మెడ్‌టెక్ జోన్‌లో తయారయ్యే వైద్య పరికరాలకు రెండూ కావాలి: విప్పి చూస్తే తెలిసిపోయే యంత్రభాగానికి పేటెంటు, లోపలి లెక్కలకు గోప్యత.