80,000 పోసి చూసిన తెగిన తోక

మడగాస్కర్ వెళ్తే అందాసిబే అడవిలో పొడుగు తోకల రాత్రి సీతాకోక కామెట్ మాత్‌ని తప్పకుండా చూడండి. కానీ దానికోసం ముందే డబ్బు మాత్రం కట్టకండి.

రాజధాని అంటననరివో నుంచి 140 కిలోమీటర్లే. పోర్టు లారీల వెనక పడి ఐదున్నర గంటలు పట్టింది. మా ఆవిడ మారిషస్ అడిగితే పురుగుల దగ్గరికి తీసుకొచ్చాను కాబట్టి దారంతా మాటల్లేవు.

లాడ్జి రోజుకు 1,80,000 అరియారీలు, మన డబ్బుల్లో మూడు వేల పైచిలుకు. జనవరి వానలకు దుప్పటి పిండితే నీళ్లు కారేలా ఉంది. వేడినీళ్లు అడిగితే మేనేజరు 'మూర మూర' అన్నాడు, అంటే నిదానం అని. నీళ్లు రాలేదు. కరెంటు మాత్రం పదింటికి ఠంచనుగా పోయింది.

'మాత్ గ్యారంటీ' అని నైట్ వాక్‌కి 80,000 అరియారీలు తీసుకున్నారు. గైడు టార్చి వేసిన కొమ్మ మీద నిజంగానే పసుపు పచ్చటి మాత్ ఉంది. దగ్గరికెళ్తే నడుముకు దారం! ఒక తోక సగానికి తెగింది. దీనికి తినే నోరే ఉండదు, బతికేది నాలుగైదు రోజులు. అందులో ఒక రాత్రి మాకోసం కట్టేశారు. మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది. గైడుకి తెలుగు రాకపోయినా అర్థమైనట్టే ఉంది. డబ్బు వెనక్కి ఇమ్మంటే, "చూశారుగా" అన్నారు.

మర్నాడు పొద్దున వంటావిడ సైగ చేసి వంటింటి వెనక్కి తీసుకెళ్లింది. చెట్టుకు వెండి జరీతో అల్లినట్టున్న ఈ మాత్ పట్టుకాయ, ఒళ్లంతా చిల్లులే. మా అమ్మమ్మగారి మహదేవ్‌పూర్‌లో దసలి పట్టుకాయలు చూసినవాణ్ణి. ఇదీ ఆ కుటుంబానిదే, కానీ మన కాయ గింజలా బిర్రుగా మూసుకుని ఉంటుంది. ఇక్కడి వానకి అలా కుదరదు. పడ్డ నీళ్లు పడ్డట్టే చిల్లుల్లోంచి కారిపోతున్నాయి. పక్క కొమ్మకి అప్పుడే బయటికొచ్చిన మగ మాత్ వేలాడుతోంది. ఈకల్లాంటి మీసాలు, జానెడు రెక్కలు, వాటికింద రిబ్బన్లలా రెండు తోకలు, ఇంకా తడిగానే ఉన్నాయి. అరగంట నిలబడ్డాం. ఆవిడ పైసా తీసుకోలేదు.

పైగా అన్నం పెట్టింది. అన్నాన్ని వాళ్లు 'వారి' అంటారు, మన వరి గుర్తొచ్చింది. అడుగంటిన గిన్నెలోనే నీళ్లు పోసి కాచిన రనువూల, మాడు వాసనతో, మా ఆవిడ రెండు గ్లాసులు తాగింది.

ఖాళీ చేసేటప్పుడు బిల్లులో వేడినీళ్లకి 10,000 వేశారు. కొట్టేయించేదాకా మా ఆవిడ కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు.