లండన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా రైల్లోనే

లండన్, పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్: నాలుగు ఊళ్లూ యూరోస్టార్ అనే కంపెనీ హైస్పీడ్ రైళ్లలోనే తిరిగాం. కంపెనీ ఒక్కటే అయినా, లండన్‌లో ఎక్కడం ఒక తంతు, పారిస్ దాటాక ఎక్కడం ఇంకో తంతు.

లండన్ సెయింట్ పాంక్రాస్‌లో అంతా ఎయిర్‌పోర్ట్ పద్ధతే. సామాను స్కానింగ్ అయ్యాక ఫ్రాన్స్ పోలీసులు అక్కడే పాస్‌పోర్ట్, షెంగెన్ వీసా (ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ లాంటి యూరప్ దేశాలన్నిటికీ పనికొచ్చే ఒకే వీసా) చూసేస్తారు, పారిస్‌లో దిగి నేరుగా బయటికి నడవడమే. రైలుకు అరగంట ముందే గేట్లు మూసేస్తారు కాబట్టి గంటన్నర ముందు చేరితే టెన్షన్ ఉండదు. దారికి పులిహోర కట్టుకోవచ్చు కానీ పెరుగన్నం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు, బ్రిటన్ కూడా ఇప్పుడు బయటి దేశమే.

పారిస్‌కు ప్రయాణం రెండుంబావు గంటలకు కాస్త అటూఇటూ. సముద్రం కిందుగా వెళ్లే, 1994లో తెరిచిన 50 కిలోమీటర్ల సొరంగంలో ఇరవై నిమిషాలు చీకటి తప్ప ఏమీ కనబడదు. చేపలు చూద్దామని కిటికీ పక్కన కూర్చున్న మా పిల్లలు బాగా అలిగారు!

పారిస్ నుంచి బ్రస్సెల్స్‌కు గంటా ఇరవై రెండు నిమిషాలు. 2023 దాకా థాలిస్ పేరుతో నడిచిన ఎర్ర రైళ్లివి. పాస్‌పోర్ట్ క్యూ లేదు, సికింద్రాబాద్‌లో ఎక్కినట్టే ప్లాట్‌ఫాం మీదికి వెళ్లి ఎక్కేయడమే. బెల్జియం వచ్చిందని ఫోన్లో మెసేజ్ చూస్తేనే తెలిసింది. నాకు అసలైన రైలు ప్రయాణం అనిపించింది ఇదే.

మనిషికి రెండు పెట్టెలు, ఒక చేతిసంచి తెచ్చుకోవచ్చు, తూకం వేయరు. అయితే కూలీలు దొరకరు, ఎవరి పెట్టె వాళ్లే ఎత్తుకోవాలి. టికెట్లు ముందే కొనాలి, చివర్లో కొంటే విమానం కంటే ఎక్కువ పడొచ్చు. యూరైల్ పాస్ (యూరప్ దేశాల రైళ్లలో తిరగడానికి టూరిస్టులకిచ్చే పాస్) ఉన్నా సీటు రిజర్వేషన్‌కు విడిగా కట్టాల్సిందే.

పారిస్‌లో యూరోస్టార్ ఆగే గార్ దు నోర్ స్టేషన్ పక్కనే హోటల్లో ఉన్నాం. దగ్గర్లోని లా షపెల్ పేట వైపు శ్రీలంక తమిళుల హోటళ్లున్నాయి, దోసెకు లోటు లేదు. మా హోటల్ లిఫ్టులో మాత్రం మనిషి పడితే పెట్టె పట్టలేదు, పెట్టె పడితే మనిషి పట్టలేదు. తెల్లవారుజామున రైలుంటే ఆ పేట సరే, లేకపోతే మెట్రోలో ఇంకాస్త దూరం వెళ్లి ఉండటమే నయం. బ్రస్సెల్స్‌లో రైలు ఆగేది మిడి స్టేషన్లో. అక్కడి నుంచి లోకల్ రైల్లో సెంట్రల్ స్టేషన్ కొన్ని నిమిషాలే, ఊరి నడిబొడ్డున ఉన్న పాత చౌరస్తా గ్రాండ్ ప్లాస్‌కు అక్కడి నుంచి నడిచిపోవచ్చు. గది అక్కడే చూసుకోండి.