గర్భనిరోధక అర్హత చక్రం: వస్తువు మంచిదే, పంపే తీరుతోనే చిక్కు

కుటుంబ నియంత్రణ కార్యక్రమాలకు సాంకేతిక సహకారం పేరుతో దేశాలకు చేరే సామగ్రిలో నిజంగా పనికొచ్చేది ఏదంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సవరించి తెచ్చిన ఈ అట్ట చక్రమే. వచ్చినామె ఆరోగ్య పరిస్థితి దగ్గరికి తిప్పితే, ఒక్కో గర్భనిరోధక పద్ధతికీ 1 నుంచి 4 వరకు అంకె చూపిస్తుంది. 1 అయితే ఏ అభ్యంతరమూ లేదు. 2 అయితే సాధారణంగా ఇవ్వొచ్చు. 3 అయితే వేరే పద్ధతేదీ కుదరనప్పుడే. 4 అయితే వద్దు. డాక్టరు అందుబాటులో లేనిచోట 1, 2 వస్తే ఇవ్వొచ్చు, 3, 4 వస్తే ఇవ్వకూడదు, అంతే.

పై బీపీ 150, కింద బీపీ 95 ఉందనుకోండి. ఈస్ట్రోజెన్ కలిసిన మాత్రకు 3, మూడు నెలలకోసారి వేసే డీఎంపీఏ ఇంజెక్షన్‌కు 2, చేతి చర్మం కింద అమర్చే ఇంప్లాంట్‌కూ కాపర్ టీకీ 1. ఇవే అంకెలు ఆ సంస్థ పూర్తి మార్గదర్శక పుస్తకం తిరగేసి వెతకాలంటే బయట వరుస పెరిగిపోతుంది.

అసలు పొరపాటు ఎక్కడంటే, చక్రం చెప్పేది పద్ధతి మొదలుపెట్టడం గురించే. కాపర్ టీ ఇప్పటికే ఉన్నామెకు కటి భాగంలో ఇన్ఫెక్షన్ వస్తే, నర్సు చక్రం తిప్పి 4 చూసి దాన్ని తీసేసే ప్రమాదముంది. ఆ 4 కొత్తగా వేయడానికి. కొనసాగించడానికి 2. యాంటీబయాటిక్ ఇచ్చి, ఆమె వద్దనకపోతే కాపర్ టీని అలాగే ఉంచాలి.

పాత ముద్రణలు మరో తలనొప్పి. బిడ్డకు పాలిస్తున్న బాలింతకు మొదటి ఆరు వారాల్లో ఇంప్లాంట్ 2015కు ముందు 3, ఆ తర్వాత 2. కొత్త పెట్టెలు పంపి పాతవి వెనక్కి తీసుకోకపోతే ఒకే కేంద్రంలో రెండు జవాబులు! అనువాదంలోనూ జారుడు ఉంటుంది. 3ను ‘జాగ్రత్తగా వాడొచ్చు’ అని రాస్తే అది 2 అయిపోయినట్టే. అనువదించినదాన్ని, మూలం చూడని మనిషి చేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి పోల్చాలి.

చక్రం తిప్పినంత మాత్రాన గర్భం లేదని తేలదు, దానికి విడిగా ప్రశ్నలు అడగాలి. శిక్షణలో చక్రాన్ని పరిచయం చేసే ఉపన్యాసం పది నిమిషాలు చాలు. మిగతా పూటంతా కేసులిచ్చి తిప్పించాలి, కనీసం ఒకటి ‘ఇప్పటికే వాడుతున్నామె’ కేసు ఉండాలి. పంపే పెట్టెలో బీపీ మిషన్ కూడా ఉందో లేదో చూడండి. కొలవకుండా తిప్పితే బీపీ దగ్గర వచ్చే అంకె ఉత్త ఊహే.